నీళ్ళు పోనిచ్చే సీమ

ఆ ఎండాకాలం నా చేతికి మైకు పొద్దున వచ్చి మధ్యాహ్నానికి పోయింది. అది ఎలా పోయిందో, మళ్ళీ ఎలా వచ్చిందో చెప్పాలంటే మా మామ నరసింహప్ప సంగతి చెప్పక తప్పదు.

మాది నల్లమాడ. నా మొగుడు మారుతి పదేళ్ళు తాడిపత్రి బండల లారీ నడిపి, ఆ ఏడు ఒక పాత మినీ బస్సు కొన్నాడు. కదిరి నరసింహస్వామికి దండం పెట్టుకుని బయలుదేరి, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న అంతర్వేది నరసింహస్వామిని చూసి రావడం. ఇరవై సీట్లు, అయిదు రోజులు. ఆలోచన బాగానే ఉంది, కానీ మారుతి నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి. బస్సులో ఉన్నవాళ్ళకు కిటికీలో కనబడేది ఏ ఊరో, ఏ ఏరో ఒకరు చెప్పాలి కదా. మా ఇంట్లో మాటలకు కరువులేని మనిషిని నేనొక్కదాన్నే.

జనవరిలో మేమిద్దరం ఖాళీ బస్సు వేసుకుని కోస్తా అంతా తిరిగి వచ్చాం. ఎనిమిది రోజులు. కనబడినవాళ్ళనల్లా అడిగాను, అడిగినవల్లా నోటుపుస్తకంలో రాసుకున్నాను. పులసకు ముళ్ళెందుకు ఎక్కువో, పూతరేకు ఎలా తీస్తారో, రేవు దాటేటప్పుడు పంటు మీద ఎక్కడ నిలబడాలో, అన్నీ. ఇంటికి వచ్చాక వంటింట్లో గరిటె పట్టుకుని మా అత్త భద్రమ్మ ముందు చెప్పి చూసుకున్నాను. ఆమె సంగటి కెలుకుతూ విని, "ఉప్పు ఎక్కువైంది, మాటల్లో" అంది. ఉప్పు తగ్గించాను.

అంతా సిద్ధమయ్యాక మామ అడ్డం పడ్డాడు.

"ఆడమనిషి మైకు పట్టుకోని ఇరవైమంది ముందర మాట్లాడేదేంది మారుతీ?"

మారుతి బస్సు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. ఆ అద్దం అంతకు ముందే రెండుసార్లు తుడిచాడు.

"నేను గుడక వస్తా" అన్నాడు మామ. "ఒకసారి వింటా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇంటి పేరు పొయ్యే మాట ఒక్కటి వచ్చినా ఆడికి సరి."

"రా మామా. ముందర సీటు నీకే" అన్నాను. నాకు నా నోటి మీద అంత నమ్మకం.

ఏప్రిల్ రెండో వారంలో బయలుదేరాం. సగం మంది వేరుసెనగ రైతులు, వాళ్ళ ఆడవాళ్ళు. కదిరిలో గాజుల అంగడి నడిపే మేరాజ్ బీ కూడా ఎక్కింది. "గుళ్ళో స్వామిని మీరు చూడండప్పా, బయట సముద్రాన్ని నేను చూస్తా. అరవై ఏండ్లొచ్చె, ఇంతవరకు కంటితో చూసింది లేదు" అని కిటికీ సీటు పట్టుకుంది. మా మామ డ్రైవరు వెనక సీట్లో, భుజాన తువ్వాలు వేసుకుని, పరీక్ష పెట్టే అయ్యవారిలా కూర్చున్నాడు.

నేను మొదలుపెట్టాను.

"అన్నా, అక్కా, మనం పొయ్యేది కోస్తాకు. ఆడ ఉండేటోళ్ళు 'ఆయ్' అంటే కసురుకున్నేది గాదు, అవునని. మాటకు ముందొక అండి, ఎనకొక అండి ఉంటాది. మనల్ని ఎక్కిరిస్తాండారని అనుకోవద్దండి, వాళ్ళ మాటే అంత మెత్తన. పెట్టింది తినల్ల. వద్దంటే మళ్ళా పెడతారు, చాలంటే ఇంగా పెడతారు. ఆకు మడిచి లేస్తేనే నిలిపేది."

బస్సు నవ్వింది. మామ మొహంలో కూడా మీసం కొంచెం కదిలింది. నాకు ఊపొచ్చింది. ఊపు వచ్చినప్పుడే మనిషి జాగ్రత్తగా ఉండాలి. నేను ఉండలేదు.

"ఆడ నీళ్ళ సంగతి ఏమని చెప్పేది? గుంజ పాతనీకి గుంత తీస్తే నీళ్ళొస్తాయి. మా మామ ఆరు బోర్లు ఏపిచ్చినాడు. ఆరో బోరు తొమ్మిదినూర్ల అడుగులు దిగితే దుమ్మొచ్చె. ఆ దుమ్ముకు మా మామ మీసాలు తెల్లగైనాయి సూడండి, ఆ పొద్దు నుంచి మళ్ళా నల్లగ కాల్యా."

బస్సంతా గొల్లుమంది. నేనూ నవ్వి మామ వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మీసం కదల్లేదు.

తప్పు నాదే. ఆరో బోరు వేసినప్పుడు ఆ మనిషి రెండు రోజులు బోరు లారీ పక్కనే నిలబడ్డాడు. మూడో రోజు పొద్దున దుమ్ము తప్ప ఏమీ రాక, లారీవాళ్ళు గొట్టాలు పైకి లాగుతుంటే, ఒక్కొక్క గొట్టాన్నీ చేత్తో తడిమి చూశాడు, తడి ఉందేమోనని. ఇంటికి వచ్చి ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు. అలాంటి దాన్ని నేను ఇరవైమంది ముందు పల్లీల్లా పంచిపెట్టాను.

వినుకొండ దగ్గర టీకి ఆగినప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"మైకు మారుతికియ్యి. వాడు చెప్తే చెప్తాడు, లేకుంటే లేదు. ఇంటికి పోయినంక నువ్వు ఇంట్లో ఉండు. ఇంగ బస్సెక్కద్దు."

ఇచ్చేశాను. నాకు ఏడుపు వచ్చింది, కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది. వెనక సీట్లోకి పోయి మేరాజ్ బీ పక్కన కూర్చున్నాను. ఆమె నాకొక జామకాయ ఇచ్చింది.

అక్కడి నుంచి బస్సు మూగదైపోయింది. విజయవాడ బ్యారేజీ మీదికి వచ్చేసరికి మారుతి మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. అందరూ ముందుకు వంగారు. "కృష్ణా" అన్నాడు. కొంచెం సేపాగి, "దిగండి" అన్నాడు. అంతే. ఆ రెండు మాటలకే ఆయనకు చెమటలు పట్టాయి.

రాత్రి బెజవాడ సత్రంలో పడుకుని, మర్నాడు సాయంత్రానికి కోనసీమలో దిగాం. ఆ దారి ఎంత చక్కటిదో నేను చెప్పలేకపోవడం ఈ రోజుకీ కష్టంగానే ఉంది. రోడ్డు పక్కనే కాలువ, కాలువ పక్కనే ఇళ్ళు, ఇంటికొక చిన్న వంతెన. కొబ్బరి తోటల సందుల్లోంచి పండిన వరి చేలు పసుపు రాసినట్టు కనబడుతున్నాయి. మా వాళ్ళు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఏ చెట్టు ఏదో, ఏ కాలువ ఎక్కడికి పోతుందో చెప్పేవాళ్ళు లేరు. నా ఒళ్ళో నోటుపుస్తకం మూసే ఉంది.

మేం దిగింది అబ్బులుగారింట్లో. మూడెకరాల వరి, ఎకరం కొబ్బరి, యాత్రికులు ఉండటానికి పెరట్లో వేసిన రెండు పెద్ద గదులు. జనవరిలో మేమిద్దరం ఉన్నదీ అక్కడే. ఆయన భార్య సరళమ్మ అందరికీ కాళ్ళకు నీళ్ళిచ్చి కూర్చోబెడుతుండగానే వాన మొదలైంది.

మామూలు వాన కాదు. గంటసేపు కుండలతో గుమ్మరించింది. మా వాళ్ళు ఒక్కరైనా గదిలో ఉండలేదు. చెప్పులు విడిచి వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. మేరాజ్ బీ రెండు చేతులూ దోసిలి పట్టింది. మా మామ తలెత్తి, కళ్ళు మూసుకుని, మొహమంతా వానకిచ్చి నిలబడ్డాడు. నేను కాపురానికి వచ్చి పదకొండేళ్ళయింది, ఆ మొహం అలా ఎప్పుడూ చూడలేదు. నిన్నటి కోపం నాకు సగం కరిగింది.

"అదృష్టవంతులప్పా మీరు" అన్నాడు మామ, అరుగు మీద ఉన్న అబ్బులుగారితో.

అబ్బులుగారు తలకు చేతులు పెట్టుకుని కూర్చున్నారు. "ఆయ్" అన్నారు. "ఎల్లుండి కోతండీ. మిషను కూడా చెప్పేనండి" అన్నారు. మా వాన మాకు, ఆయన చేను ఆయనకు. ఆ మాట మా మామ చెవిన పడిందో లేదో, పడినా అర్థం కాలేదు.

నాకు మాత్రం అర్థమైంది. జనవరిలో సరళమ్మ నాతో అన్న మాట నా పుస్తకంలో ఉంది. "మీకు నీళ్ళు రావడం కష్టమండి. మాకు నీళ్ళు పోవడం కష్టం. పల్లపు చేలు కదండీ, కోత ముందు వానొచ్చిందంటే గట్లకు గండ్లు కొట్టి నీళ్ళన్నీ మురుగు కాలువలోకి తోలెయ్యాలి. లేపోతే కంకులు మొలకలెత్తిపోతాయి." కోనసీమలోకి రాగానే మైకులో ఇదే చెప్పాలని గీత గీసి పెట్టుకున్నాను. మైకు లేదు కదా, నాకెందుకు అని మూతి ముడుచుకుని పడుకున్నాను.

తెల్లవారింది. మా మామ ఊళ్ళో ఉన్నట్టే వెలుగు రాకముందే లేచి ఎటో పోయాడు. ఏడింటికి తిరిగి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, భుజాన తువ్వాలు లేదు, మొహం మాత్రం వెలిగిపోతోంది. నేనిచ్చిన టీ గ్లాసు అందుకుని మారుతితో అన్నాడు.

"ఈ రైతులకు నీళ్ళంటే లెక్కలేదప్పా. రేత్రి వానకు గెనిమలు తెగి మడిలో నీళ్ళన్నీ కాలవలో పడి పోతాండాయి. పదకొండు చోట్ల. ఒక్కరన్నా చూసుకోవద్దూ? అన్నీ కట్టేసి వచ్చినా. గడ్డి పెట్టి, బంకమన్ను తొక్కి. ఆఖరిదానికి గడ్డి చాలక తువ్వాలు దూర్చినా."

అవి తెగిన గట్లు కాదు. అబ్బులుగారు రాత్రే పోయి తన చేత్తో కొట్టుకున్న గండ్లు.

నేను నోరు తెరిచేలోగా అబ్బులుగారు వీధిలోంచి కేకలు వేస్తూ వచ్చారు. అంత మెత్తటి మనిషి గొంతు అంత పైకి లేస్తుందని నేననుకోలేదు.

"చూసేవా సరళా, మన గట్టువాడు ఎంత పని చేసేడో. గండ్లన్నీ పూడ్చేశాడు. నా చేను ముంచేశాడు. నిన్న కాక మొన్న గట్టు దగ్గర మాట పట్టింపు వచ్చిందని ఇంతకు తెగిస్తాడా?" అంటూ చూరులో ఉన్న కర్ర లాగారు. సరళమ్మ చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నారు.

గట్టువాడంటే పక్క చేను రైతు. ఏ పాపమూ ఎరగడు. నేను చెబితే మామ పరువు నా నోటితో రెండోసారి పోతుంది, ఈసారి పరాయి ఊళ్ళో. చెప్పకపోతే ఆ కర్ర ఎవరి నెత్తి మీద పడుతుందో. మామ వైపు చూశాను.

ఆయన టీ గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"ఆయన గాదప్పా" అన్నాడు. "నేను."

మా వాళ్ళంతా అప్పటికే గుమ్మాల్లో ఉన్నారు.

"మీరా?" అన్నారు అబ్బులుగారు. "మీకెందుకండీ?"

"నీళ్ళు పోతాంటే చూడలేక."

అబ్బులుగారు మా మామను కింది నుంచి పైదాకా చూశారు. ఆ బురద కాళ్ళు, ఆ ఖాళీ భుజం. తిడతారనుకున్నాను. నవ్వుతారనుకున్నాను. రెండూ చెయ్యలేదు. కర్ర చూరులో పెట్టేశారు.

"పదండి" అన్నారు. "పొద్దెక్కిపోతంది."

అందరం పోయాం. చేను సగం వాలి ఉంది, కంకులు నీళ్ళను తాకుతున్నాయి. ఇబ్బందల్లా ఏమిటంటే మా మామ ఏ పని చేసినా గట్టిగా చేస్తాడు. ఆయన కట్టిన కట్ట పారకు ఒక పట్టాన తెగలేదు. మూడో గండి దగ్గర అబ్బులుగారు చెమట తుడుచుకుని, "ఏం కట్టేరండీ బాబూ. మా కాలవ గట్లు కట్టేవోళ్ళకి మిమ్మల్ని చూపించాలండి" అన్నారు. ఆయన మొహంలో అప్పుడు కొంచెం నవ్వు కనబడింది. మామ నవ్వలేదు. "పార నాకియ్యప్పా. కట్టింది నేను, యాడ తెగుతాదో నాకు తెలుసు" అన్నాడు.

పదకొండూ ఆయనే తెరిచాడు. ఒక్కొక్కటి తెగి నీళ్ళు బుసబుసమని మురుగు కాలువలోకి దూకుతుంటే మొదట్లో మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత్తర్వాత చూస్తూ నిలబడ్డాడు. ఆఖరిది తెరిచి, బురద తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు.

మిగిలినవాళ్ళం చేలో దిగి, సరళమ్మ చూపించినట్టు, వాలిన దుబ్బులు నాలుగైదు కలిపి గడ్డితో ముడివేసి నిలబెట్టాం. వేరుసెనగ పీకిన చేతులు కదా, పని తొందరగానే పట్టుబడింది. "స్వామి దర్శనం?" అని ఎవరో అన్నారు. మేరాజ్ బీ నడుం ఎత్తకుండానే, "రైతు చేను ముంచి వచ్చినామంటే ఆ సామి లోపలికి రానిస్తాడా? ముందు ఇది కానీండి" అంది. మధ్యాహ్నం రెండు దాటేసరికి మడి మొక్కల కాళ్ళు బయటపడ్డాయి. ఒక మూల పది సెంట్లు పోతుందేమో, మిగతాదానికి భయం లేదన్నారు అబ్బులుగారు. ఆ మాట విన్నాక కానీ మామ మంచినీళ్ళు తాగలేదు. ఆ పూట సరళమ్మ వడ్డించిన చేపల పులుసు రుచి మా బస్సులో ఏ ఒక్కరూ మరిచిపోయి ఉండరు.

సాయంత్రం అంతర్వేది పోయాం. దర్శనం అయ్యాక, గోదావరి సముద్రంలో కలిసే చోటికి అందరూ నడిచారు. మేరాజ్ బీ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అల ముందు నిలబడి, ఎంతసేపైనా వెనక్కు రాలేదు. మామ ఒక్కడే ఎడంగా ఇసుకలో కూర్చున్నాడు. ఆయన చూసేది సముద్రాన్ని కాదు, ఏటిని. అంత వెడల్పు ఏరు, ఆగకుండా, తొందర లేకుండా, ఉప్పునీళ్ళలోకి పోతోంది.

నేను పోయి పక్కన కూర్చున్నాను.

"ఈ సంగతి నీకు ముందే తెలుసునా?" అన్నాడు, ఏటి మీంచి చూపు తిప్పకుండా.

"తెలుసు మామా. ఆ ఇంటామె చెప్పింటే పుస్తకంలో రాసుకుంటి."

"మరి చెప్పల్యా?"

"మైకు లేదు గదా."

"మైకు లేకుంటే నోరు గుడక లేదా?"

నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. "కోపమొచ్చె మామా. నాదే తప్పు."

"బోర్ల మాట ఎత్తింది గుడక తప్పే."

"అవును మామా. ఇంగ ఎత్తను."

పొద్దు కుంకుతోంది. పడవలు రేవుకు వస్తున్నాయి.

"ఇది చెప్పు" అన్నాడు.

"ఏది మామా?"

"ఈ పొద్దు జరిగింది. వచ్చే ట్రిప్పుకు వచ్చేది గుడక మన దిక్కు రైతులే గదా? ప్రతి ఒక్కని చేతులూ నా చేతులే. నీళ్ళు పోతాంటే నిలబడి చూడలేరు. పొయ్యి కట్టేస్తారు. ఆ మంచి మనిషి చేను మళ్ళా మునుగుతాది." ఇసుక దులుపుకుని లేచాడు. "వాళ్ళకు చెప్పేదానికి ఒక మనిషి ఉండల్ల. మారుతితో యాడయితాది?"

అంతే. బస్సెక్కు అని అనలేదు. మైకు తీసుకో అని అనలేదు. తిరుగు ప్రయాణంలో మారుతి తనంతట తాను మైకు నా ఒళ్ళో పెట్టి, పెద్ద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. మామ చూసి ఊరుకున్నాడు.

పది రోజులకు రెండో ట్రిప్పు. ఈసారి పరీక్ష లేదు, అయినా మామ ముందు సీట్లో వచ్చి కూర్చున్నాడు. ముదిగుబ్బ, ధర్మవరం రైతులు ఎక్కువ. నేను అండి సంగతి చెప్పాను, వడ్డన సంగతి చెప్పాను, నవ్వించాను. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి నా నోరు తడబడింది. చెప్పమన్నది ఆయనే, కానీ ఇరవైమంది ముందు ఆ మొహం మళ్ళీ కిటికీ వైపు తిరుగుతుందేమోనని భయం.

"మన దిక్కు రైతు ఒకాయన, ఒకసారి ఆడికి పొయ్యి..." అన్నాను. "ఎవురో తెలీదు గానీ..."

మామ లేచాడు. కదిలే బస్సులో కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుని, నా చేతిలో మైకు తీసుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నన్ను నరసింహప్ప అంటారు. మాది నల్లమాడ. ఆ రైతు నేనే" అన్నాడు. "నేను ఆరు బోర్లు ఏపిచ్చినా. ఒక్కదాంట్లో నీళ్ళు పడల్యా. ఆరోదాంట్లో దుమ్మొచ్చె. అందుకని నీళ్ళు యాడ పోతాండినా నా చెయ్యి ఊరుకోదు. మీ చేతులు గుడక ఊరుకోవు, నాకు తెలుసు."

బస్సులో ఎవ్వరూ నవ్వలేదు. వెనక సీట్లో ఒక ముసలాయన తల ఊపాడు. మామ మైకు నోటికి ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మనకు నీళ్ళు నిలిస్తే బువ్వ. వాళ్ళకు పోతే బువ్వ. గెనిమ తెగి నీళ్ళు పోతాండేది చూస్తే మీకు కడుపులో దేవుతాది. దేవినా సరే, పోనీండప్పా. చెయ్యి పెట్టద్దండి. పోనీండి."

ఇంకా ఏదో చెప్పబోయి, నా వైపు తిరిగాడు.

"ఇంగ నువ్వు చెప్పు" అని మైకు నా చేతిలో పెట్టి కూర్చున్నాడు.